ఆపరేషన్ దిగులుపాట

“టార్గెట్ ఆడమనిషి,” అన్నాడు చీఫ్. “వయసు నలభై దాటింది. ఆయుధం లేదు. కళ్లజోడు ఉంది.”

“కళ్లజోడు పెట్టుకున్నవాళ్లని కూడా పట్టుకుంటున్నామా సార్?” అంది కందిరీగ.

చీఫ్ నవ్వలేదు. ఆయన ఆఖరిసారి నవ్వింది ఎప్పుడో డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. నవ్వితే జీతం కోస్తారని ఆయనకెవరో చెప్పి ఉంటారు.

కందిరీగ అనేది కోడ్‌నేమ్. అసలు పేరుతో ఆవిణ్ని ఆఫీసులో ఎవరూ పిలవరు. మనిషి సన్నం, నడక విసురు, కుట్టిందంటే మంట ఓ పట్టాన తగ్గదు. ఆ పేరు ఆవిడకీ నచ్చింది కాబట్టి మనమూ అదే వాడదాం.

చీఫ్ టేబుల్ మీది బటన్ నొక్కాడు. కిటికీ తెరలు మూసుకున్నాయి. గోడ మీద ఒక ఓడల మరమ్మతు యార్డు ఫొటో పడింది.

“పోయిన నెల ఒక విదేశీ ఓడల కంపెనీ ఈ యార్డుని కారుచవగ్గా కొట్టేసింది. అమ్మినవాళ్లు పిచ్చివాళ్లు కారు. పొద్దున దాకా ససేమిరా అన్నవాళ్లే. మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చున్నారు, గుడ్లనీళ్లు కుక్కుకుంటూ సంతకాలు పెట్టేశారు. మర్నాడు లేచి తలలు పట్టుకున్నారు.”

“మందేమైనా కలిపారా?”

“మందు కాదు. ఆ మీటింగ్‌లో మోగింది ఇది. విను.”

రికార్డర్ మోగింది. సన్నటి, బరువైన వాయిద్యం. నేలమాళిగలోంచి ఎవరో మూలుగుతున్నట్టుంది. చీఫ్ గబుక్కున ఆపేశాడు. ఆయన మొహం అప్పటికే కాస్త వేలాడుతోంది.

“సైకాలజీలో దీన్ని మూడ్ ఇండక్షన్ అంటారట. పాట వినిపించి మనిషి మూడ్ మార్చడం. దిగులుగా ఉన్న మనిషి తన సొత్తుని ఎంత తక్కువకైనా వదిలేసుకుంటాడని ఒక పరిశోధన చెప్పింది. ఆ పరిశోధన ఈ ముఠా చేతిలో పడింది. కంపెనీ అనేది పైకి వేషం. వెనకున్నది పరాయి గూఢచారి సంస్థ. ఇవాళ సాయంత్రం అయిదింటికి హార్బర్ వంతు. ట్రస్టు సభ్యులు సంతకం పెట్టారంటే, మన యుద్ధనౌక మన రేవులోకి రావడానికి వాళ్ల పర్మిషన్ అడుక్కోవాలి.”

“అయితే మీటింగ్ ఆపించండి.”

“ఏ నేరం కింద? పాట వినిపించారనా? కోర్టులో జడ్జి కూడా నవ్వుతాడు. అందుకే పాట తయారుచేసిన మనిషిని లోపలేస్తున్నాం. ఆవిడ నోరు విప్పితే ముఠా మొత్తం బయటికొస్తుంది.”

గోడ మీద ఫొటో మారింది. కళ్లజోడు, నుదుటి మీద పడే జుట్టు, ఎదుటివాళ్ల పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూసే చూపు.

కందిరీగ ఆ ఫొటోని కాసేపు చూసింది.

“ఈ ఫొటో బాగాలేదు సార్. మా అక్క ఇంతకన్నా బాగుంటుంది.”

“నీ అక్క అని తెలిసే నీకిస్తున్నాను. నువ్వు వెళితే గొడవ చెయ్యకుండా వస్తుంది.”

“మా అక్కా? గొడవ చెయ్యకుండానా?” కందిరీగకి ఒళ్లు మండింది. “ఆవిడ ముఠాకి అమ్మిందని ఎవరు చెప్పారు?”

“హంస.”

“ఎవరా హంస?”

“అది నీకు అనవసరం. ముఠా లోపల ఉన్న మన మనిషి. ఈ డిపార్ట్‌మెంట్‌లో నేను కళ్లు మూసుకుని నమ్మేది అతన్నొక్కణ్నే.”

“కళ్లు తెరుచుకుని చూడండి సార్ ఓసారి. నేను అరెస్టు చెయ్యను.”

“ఇది ఆర్డర్.”

“వినపడింది. చెయ్యనని చెబుతున్నాను.”

చీఫ్ పెన్ను కింద పెట్టాడు. “అయిదింటి దాకా టైమిస్తాను. ఆ తర్వాత వేరే టీమ్ వెళ్తుంది. వాళ్లకి అక్కలూ చెల్లెళ్లూ ఉండరు. దేశద్రోహానికి శిక్ష ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. మీ అక్క మళ్లీ వీధి మొహం చూడదు.”

కందిరీగ రికార్డర్‌లోంచి టేపు లాక్కుని జేబులో వేసుకుంది. అడగలేదు. అడిగితే ఇవ్వడని తెలుసు.

డిపార్ట్‌మెంట్ అడుగు అంతస్తులో మెకానిక్ ఉంటాడు. గాడ్జెట్లన్నీ ఆయన చేతిలోవే. కందిరీగ మొహం చూడగానే విషయం అడక్కుండా ఒక డబ్బా తెరిచాడు.

“ఇవి కమ్మలు. పైకి ముత్యాలు. చెవిలోకి తోస్తే బయటి మోత లోపలికి రాదు. ఎంత ఏడుపు పాటైనా సరే.”

“బాగుంది. ఇంకా?”

“హెయిర్‌పిన్. ఈ చివర నొక్కితే సన్నటి బ్లేడు దూసుకెళ్తుంది. ఒక్కటే ఉంది, చూసి వాడు. ఇదివరకు ఇచ్చింది నీ బాస్ టై మీద ప్రయోగించావట.”

“టై బాగాలేదు,” అంది కందిరీగ.

*

యూనివర్సిటీలో అక్క ప్రొఫెసర్. ఆవిడ ల్యాబ్ కారిడార్‌లో బల్ల మీద విద్యార్థులు వరసగా కూర్చున్నారు. ప్రయోగానికి వచ్చిన వాలంటీర్లు. వాళ్ల మధ్య ఒక లావుపాటి విగ్గు, ఆ విగ్గు కింద కందిరీగ. ల్యాబ్ మీద ముఠా కన్నుంటుందని వేషం వేసుకొచ్చింది. వేషం బ్రహ్మాండంగా ఉందని ఆవిడ నమ్మకం.

వంతు రాగానే ఒక అసిస్టెంట్ అమ్మాయి లోపల గదిలో కూర్చోబెట్టింది. గోడల నిండా స్పాంజి పలకలు. మెత్తటి కుర్చీ, హెడ్‌ఫోన్లు, పక్కన కన్నీళ్లు తుడుచుకోవడానికి కాగితం రుమాళ్ల పెట్టె. ముందు ఒక చిన్న పెట్టె, దాని మీద జరిపే మీట. మీట ఎడమ చివర ‘చాలా దిగులు’, కుడి చివర ‘చాలా హుషారు’.

“పాట వినండి. తర్వాత మీ మనసెలా ఉందో మీట జరిపి చూపించండి,” అంది అసిస్టెంట్, బస్సులో స్టాపులు పిలిచే గొంతుతో.

కందిరీగ కావాలనే కమ్మలు పెట్టుకోలేదు. శత్రువు ఆయుధం ఎలా పని చేస్తుందో ఒంటి మీద చూసుకోవాలిగా.

పాట మొదలైంది. టేపులో విన్నదే. మొదట ఏమీ అనిపించలేదు. కాసేపటికి భుజాలు బరువెక్కాయి. ఎందుకొచ్చిన ఉద్యోగం ఇది అనిపించింది. ఇన్నేళ్లుగా పరిగెత్తి ఏం సాధించాం? చీఫ్ చెప్పిందాంట్లో తప్పేముంది? అక్కని తీసుకెళ్లి అప్పజెప్పేస్తే పోతుంది. ఎవరు ఎవర్ని కాపాడగలరు గనక. ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుని పడుకుంటే చాలు.

ఆ ఆలోచన తనదేనని తెలిసి కందిరీగ ఉలిక్కిపడింది. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. తుపాకీ గురిపెట్టినప్పుడు కూడా ఆవిడ ఇంత భయపడలేదు. అక్కని అమ్మేయడానికి ఒక పాట చాలిందే అనుకుంటే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తలుపు తోసుకుని అక్క వచ్చింది.

“ఆ విగ్గు తియ్యవే ముందు. చెమటకి జారి కంట్లోకొస్తోంది.”

“నన్నెలా గుర్తుపట్టావ్?”

“ఏడుస్తూ కాలు ఊపేదానివి నువ్వొక్కదానివే. మూడో క్లాసు నించీ చూస్తున్నా.”

“అక్కా, టైము లేదు. నిన్ను అరెస్టు చెయ్యమన్నారు. నడు, దార్లో చెప్తా.”

“ఎక్కడికీ నడవను, నువ్వూ కదలకు. దిగులు పాట విన్నవాళ్లని హుషారు పాట వినిపించకుండా బయటికి పంపం. అది మా రూల్. అలా పంపితే రోడ్డు మీద ఏం చేసుకుంటారో ఎవరికి తెలుసు?”

“నీ మీద దేశద్రోహం కేసే!”

“అయితే ఏం? పాట విన్నాకే దేశద్రోహం.”

అదండీ ప్రొఫెసర్. నెత్తి మీద పిడుగు పడుతున్నా రూలు రూలే. కందిరీగ పళ్లు నూరుకుంటూ హుషారు పాట మొత్తం వింది. పాట అయ్యేసరికి కాలు తాళం వేస్తోంది. ఆ సంగతి అక్క చూడకూడదని కుర్చీ కిందికి లాక్కుంది.

తర్వాత చీఫ్ చెప్పిందంతా చెప్పి, టేపు పెట్టి వినిపించింది. అక్క కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని వింది. ఒకచోట ఆవిడ మొహం చిట్లింది.

“వెనక్కి తిప్పు. ఆ... అక్కడే. విన్నావా? ఆ స్వరం మీద ఎంతసేపు జారాడో?”

“నాకేం తేడా తెలీలేదు.”

“నీకు తెలీదులే, నువ్వు స్నానాల గదిలో కూడా శ్రుతి తప్పుతావు. ఇది మా రికార్డింగ్ కాదు. మా ప్రయోగంలో పాట ప్రతి ఒక్కరికీ ఒక్కలాగే వినిపించాలి. అందుకే జారుళ్లూ సాగదీతలూ వద్దని ఖచ్చితంగా చెప్పి వాయింపించాను. అతను మాత్రం ప్రతిసారీ ఇక్కడే జారేవాడు. ‘అలా వాయిస్తేనే అందం మేడమ్’ అనేవాడు. ఎన్నిసార్లు చీవాట్లు పెట్టానో! ఇది ఎక్కడో మీటింగ్‌లో అతను స్వయంగా కూర్చుని వాయించింది. నా కన్ను అక్కడ లేదుగా, తనివితీరా జారాడు.”

“ఎవరతను?”

“మా చెల్లో వాయించే అబ్బాయి. పిల్లలంతా అందగాడంటారు.”

చెల్లో అంటే వయొలిన్‌కి పెదనాన్న. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించాలి. దాని మూలుగు దానిదే.

అసిస్టెంట్ అమ్మాయి గుమ్మంలోంచి తొంగిచూసింది. “ఆయన ఇవాళ సెలవు మేడమ్. హార్బర్ హాల్లో ఏదో పెద్ద ఫంక్షన్‌లో కచేరీ ఉందట. కొత్త కోటు కుట్టించుకున్నారు.” ఆ కోటు తలుచుకుని ఆ పిల్ల ఒక నిట్టూర్పు కూడా విడిచింది.

అక్క కళ్లజోడు పెట్టుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. “మనుషుల దిగులు ఎక్కడ పుడుతుందో తెలిస్తే దాన్ని తగ్గించొచ్చని ఇన్నేళ్లు ఈ గదిలో కూర్చున్నాను. దాంతో హార్బర్లు కొంటారా? పద. నేనూ వస్తున్నా.”

“నువ్వెందుకు? ఇది ఫీల్డ్ ఆపరేషన్.”

“పాట నాది. నోరు మూసుకుని వాన్ తియ్యి.”

*

వాన్‌లో ఇద్దరూ కేటరింగ్ వాళ్ల తెల్ల కోట్లు తొడుక్కున్నారు. అక్క కోటు గుండీలు కూడా వరసలో సరిగ్గా పెట్టుకుంది. కందిరీగ ప్లాన్ చెప్పింది.

“సింపుల్. హెయిర్‌పిన్‌తో చెల్లో తీగ తెంపేస్తాను. పాట ఆగుతుంది. వాళ్లు తేరుకుంటారు. అంతే.”

“అంత అక్కర్లేదే. ఒక ప్రశ్న అడిగితే చాలు.”

“ఏం ప్రశ్న?”

“మా ల్యాబ్‌లో ఎవరూ పొరపాటున కూడా అడగకూడని ప్రశ్న. ‘ఈ పాట దిగులుగా ఉంది కదూ’ అని. చూడు, పాట వింటున్నవాడికి ఆ దిగులు పాటవల్ల వచ్చిందని తట్టదు. తన బతుకే అంత అనుకుంటాడు. ఇందాక నీకూ అలాగే అనిపించింది కదా?”

కందిరీగ స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. “అనిపించింది.”

“ఎవరైనా పాట ఊసెత్తారనుకో, ‘ఓహో, ఇదా సంగతి’ అనుకుంటాడు. దిగులు పోదు గానీ, దాని మాట వినడం మానేస్తాడు. మా ప్రయోగం అక్కడితో సరి. పోయినేడు ఒక పిల్ల మొహమాటానికి వాలంటీర్లని ‘పాట మరీ ఏడుపుగా ఉంది కదండీ’ అని అడిగింది. పాపం, మాట కలుపుదామని. నెలరోజుల పని చెత్తబుట్టలో వేశాను.”

“గూఢచారి ముఠాని టీ ఇస్తూ ప్రశ్న అడిగి ఆపుతావా? జోకులా?”

“నువ్వు తలపిన్నుతో ఆపడం జోకు కాదు కాబోలు!”

“నేను ట్రైనింగ్ తీసుకున్నాను.”

“నేను డాక్టరేట్ తీసుకున్నాను.”



*

హాల్ బయట కారిడార్‌లో అందగాడు ఎదురుపడ్డాడు. నల్ల కోటు, వెనక్కి దువ్విన జుట్టు, చేతిలో చెల్లో వాయించే విల్లు. నిజం చెప్పుకోవాలి, మనిషి బాగున్నాడు. ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు.

అక్క టీ ట్రాలీతో ముందే లోపలికి వెళ్లి, తెర చాటున నిలబడింది. అతని చూపు కందిరీగ మీద ఆగింది.

“ట్రే పట్టుకునే తీరు చూస్తే కేటరింగ్ మనిషిలా లేరు,” అన్నాడు.

“నవ్వే తీరు చూస్తే మీరూ పెద్ద విద్వాంసుడిలా లేరు.”

“డిపార్ట్‌మెంటా?”

“పరిశోధన దొంగిలించిన వాళ్లని వెతికే డిపార్ట్‌మెంట్.”

అతను ఇంకా తియ్యగా నవ్వాడు. “నన్ను ముట్టుకోకండి మేడమ్. ఇవాళ నేనిక్కడ ఉన్నది మీ చీఫ్ పర్మిషన్‌తోనే. ఆయన కలిస్తే హంస అడిగాడని చెప్పండి.”

 చీఫ్ కళ్లు మూసుకుని నమ్మిన మనిషి ఇతను! ఆయన దగ్గర ఇన్‌ఫార్మర్, ముఠా దగ్గర విద్వాంసుడు. దొంగతనం తనే చేసి, పేరు అక్కది చెప్పాడు.

“మా అక్క నీకేం అన్యాయం చేసింది?”

“జారొద్దనేవారు,” అన్నాడు అందగాడు. అతని నవ్వులో మొదటిసారి పుల్లదనం కనిపించింది. “ఒక కళాకారుణ్ని పట్టుకుని మెషీన్‌లా వాయించమంటారా? ఇప్పుడు చూడండి, నా జారుడుకి ఒక హార్బర్ అమ్ముడుపోతోంది.”

అతను లోపలికి వెళ్లాడు. తలుపు దగ్గర ఓడల కంపెనీ గార్డులు నిలబడ్డారు. కందిరీగ ట్రే సర్దుకుని వెనకే నడిచింది.

పొడవాటి బల్ల, దాని మీద పచ్చటి గుడ్డ. కిటికీల్లోంచి క్రేన్లు, లంగరు వేసిన ఓడలు కనిపిస్తున్నాయి. బల్లకి ఒక పక్క తెల్లసూటు వేసుకున్న పెద్దమనిషి, అంటే ముఠా నాయకుడు. రెండో పక్క ట్రస్టు సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు, సోడాబుడ్డి కళ్లజోడు పెద్దావిడ. ‘నేను బతికుండగా ఈ రేవులో ఒక్క ఇటుక అమ్మను’ అని నాలుగు ఊళ్లకి వినపడేలా చెప్పిన మనిషి. ఆవిడ పక్కన ఒక రిటైర్డ్ కెప్టెన్.

మూలన కుర్చీలో అందగాడు విల్లు ఎత్తాడు. కందిరీగ కమ్మలు చెవుల్లోకి తోసుకుంది. ప్రపంచం మొత్తం దూది కింద పడ్డట్టయింది.

ఆవిడకి పాట వినపడలేదు గానీ, పాట చేసే పని కళ్లకి కనపడింది. మొదట కెప్టెన్ భుజాలు వాలాయి. తర్వాత ఒకాయన కిటికీలోంచి ఓడల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంకొకాయన జేబురుమాలు తీశాడు. పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తెల్లసూటు ముందుకి వంగి, పెదవులు కదిలించాడు. ఏమంటున్నాడో పెదవుల్ని బట్టి కందిరీగ పట్టేసింది.

“ఎందుకమ్మా ఈ వయసులో మీకీ బరువు?”

పెద్దావిడ తలూపింది.

ఇక ఆగడానికి లేదు. కందిరీగ జుట్టు సర్దుకున్నట్టు చెయ్యెత్తి, గురి చూసి, హెయిర్‌పిన్ నొక్కింది. బ్లేడు దూసుకెళ్లింది. చెల్లో మీద ఒక తీగ పుటుక్కున తెగి ఎగిరింది.

అందగాడు ఆగలేదు. కనురెప్ప కూడా వెయ్యలేదు. తెగింది సన్న తీగ. మిగిలినవన్నీ లావు తీగలే. విల్లు కిందికి జరిపి, ఇంకా బరువుగా, ఇంకా ఆప్యాయంగా జారాడు. కెప్టెన్ బాహాటంగా ఏడ్చేశాడు.

వెనకనించి గార్డు వస్తున్న అడుగుల చప్పుడు మామూలుగా అయితే కందిరీగకి వినపడేదే. కమ్మలు మరీ బాగా పనిచేస్తున్నాయి. మెకానిక్‌ని ఏమనాలో ఆవిడ అనుకునేలోపే రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు, ఒక అరచెయ్యి నోరు మూసింది. పెనుగులాటలో కమ్మ ఒకటి ఊడి కిందపడింది. ఆ చెవిలోంచి పాట లోపలికి దూకింది.

పెద్దావిడ పెన్ను మూత తీసింది. కాగితం తనవైపు లాక్కుంది.

సరిగ్గా అప్పుడు టీ ట్రాలీ చక్రం కిర్రుమంది.

అక్క పెద్దావిడ పక్కకి వచ్చి నిలబడింది.   జీవితంలో మొదటిసారి ప్రయోగం మధ్యలో నోరు తెరవబోతోంది. ఒక పూజారిణి గర్భగుడిలోకి చెప్పులతో వెళ్తున్నట్టుంది ఆవిడ మొహం.

“టీ, అమ్మా,” అంది. అది ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది, ఈసారి గది మొత్తానికి వినపడేట్టు. “ఈ పాట మరీ ఏడుపుగా ఉంది కదమ్మా? వింటుంటే నాకే ఎందుకు బతికున్నానా అనిపిస్తోంది. ఆపమని చెప్పనా?”

పెన్ను కాగితాన్ని తాకింది. మొదటి అక్షరం సగం పడింది.

అక్కడే ఆగింది.

“పాటా?” అంది పెద్దావిడ.

“అవునమ్మా. అదిగో, ఆ మూలన వాయిస్తున్నాడే, అది. అది విన్నవాళ్లెవరికైనా ఇలాగే ఉంటుంది.”

పెద్దావిడ మెల్లిగా తల తిప్పి చెల్లోని చూసింది. తర్వాత చేతిలోని పెన్నుని చూసింది. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

“ఓసి దీని దుంపతెగ! ఇదా? నా పని అయిపోయిందనుకుంటున్నానే ఇందాకట్నించీ!”

“నేనైతే రేపటిదాకా ఉంటానో లేదో అనుకున్నానండీ,” అన్నాడు కెప్టెన్ ముక్కు చీదుతూ. అది విని పక్కాయనకి నవ్వొచ్చింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముసలీ ముతకా అందరూ ఎర్రటి ముక్కులతో, తడి కళ్లతో పగలబడి నవ్వారు. పాట మోగుతూనే ఉంది, ఎవరికీ పట్టలేదు. అందగాడు ప్రాణం పెట్టి జారాడు. ఆ జారుడికి కెప్టెన్ ఇంకోసారి నవ్వాడు.

“సంతకం చెయ్యండి మేడమ్,” అన్నాడు తెల్లసూటు. గొంతులో తియ్యదనం తగ్గింది.

పెద్దావిడ కాగితం ఎత్తి, కళ్లజోడుకి దగ్గరగా పెట్టుకుని, అప్పుడు చదివింది.

“ఈ రేటుకా! ఈ రేటుకి మా ఇంటి వాకిలి గేటు కూడా ఇవ్వను. అమ్మను. అమ్మనంటే అమ్మను. టీ తాగి వెళ్లండి.”

తెల్లసూటు కోటులోంచి పిస్తోలు తీశాడు. అదే అతను చేసిన తప్పు. పాట వినిపిస్తే నేరం కాదు గానీ, ముసలావిడ మొహాన పిస్తోలు పెడితే చిన్న చట్టం కూడా చాలు.

నాయకుడి చేతిలో ఆయుధం చూసి గార్డు పట్టు సడలింది. కందిరీగ మోచెయ్యి వెనక్కి విసిరింది. గార్డు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. కిందపడిన ట్రే అందుకుని విసిరింది. అది గిరగిరా ఎగిరి తెల్లసూటు మణికట్టుకి తగిలింది. పిస్తోలు బల్లకిందికి జారింది. అతను కిటికీలోంచి దూకి రేవులో ఉన్న తన లాంచి వైపు పరుగు తీశాడు.

“గేట్లు మూయించు!” అంది పెద్దావిడ. “హార్బర్ ఇంకా మనదేగా!”

కెప్టెన్ ఫోనందుకున్నాడు. రేవు గేట్లు మూసుకున్నాయి. లాంచి లోపల గిరికీలు కొడుతూ ఉండిపోయింది.

అందగాడు చెల్లో వదిలేసి తలుపు వైపు పరిగెత్తాడు. అక్క ట్రాలీని అతని కాళ్లకి అడ్డంగా తోసింది. కొత్త కోటు మీద వేడి వేడి టీ.

“జారొద్దని ఎన్నిసార్లు చెప్పాను,” అంది ప్రొఫెసర్.

*

అయిదింటికి ల్యాబ్‌లో అక్క దొరక్క, ఆరు కొట్టేసరికి చీఫ్ టీమ్‌తో సహా హాల్లోకి వచ్చాడు. వచ్చింది అక్కని అరెస్టు చెయ్యడానికి. చూసింది మాత్రం బల్ల కోడుకి సంకెళ్లతో బిగించి ఉన్న హంసని.

“వీడు... హంస కదూ?” అన్నాడు.

“అవును సార్. మీరు కళ్లు మూసుకుని నమ్మిన మనిషి. ముఠాకి వాయించాడు, మీకు ఊదాడు. రెండు చోట్లా జీతం. అంతా ట్రస్టు వాళ్ల ముందే ఒప్పుకున్నాడు.”

 చీఫ్ అక్కని పక్కకి పిలిచాడు. ఆయన కళ్లలో కొత్త మెరుపుంది. అది మంచి మెరుపు కాదని కందిరీగకి వెంటనే తెలిసింది.

“ప్రొఫెసర్‌గారూ, ఆ పాట అద్భుతంగా పనిచేస్తోంది. డిపార్ట్‌మెంట్‌కి ఒక కాపీ ఇప్పించండి. అనుమానితుల్ని ప్రశ్నించేటప్పుడు చాలా ఉపయోగం. దేశం కోసం.”

“ఇవ్వను.”

“ఆలోచించి చెప్పండి. మీ మీద ఫైలు ఇంకా మూయలేదు.”

“ఆలోచించక్కర్లేదు. నా దగ్గర పాట వినేవాడు ముందు ఒప్పుకోవాలి. ఆఖర్న ఏం వినిపించానో, ఎందుకో చెప్పాలి. మధ్యలో లేచి వెళ్తానంటే వెళ్లనివ్వాలి. మీ గదుల్లో లేచి వెళ్లనిస్తారా?”

చీఫ్ టై సర్దుకున్నాడు.

“వాళ్లు హార్బర్ కోసం దొంగిలించారు, మీరు దేశం కోసం దొంగిలిస్తారు. వినేవాడికి రెండూ ఒకటే. నన్ను జైల్లో పెట్టుకోండి. పాట మాత్రం ఇవ్వను.”

 కందిరీగ అక్కని చూసింది. చిన్నప్పుడు వీధిలో తనని కొట్టిన కుర్రాడి ఇంటికి ఒక్కతే వెళ్లి, వాడి తండ్రిని గుమ్మంలో నిలదీసిన అక్క. ఇందాక ఆ స్పాంజి గదిలో ఈవిణ్నా అప్పజెప్పేద్దామనుకుంది తను! గుండె నిండిపోయింది. వెళ్లి అక్క పక్కన నిలబడింది.

“సార్, ఫైలు ఇప్పుడే ఇక్కడే మూసెయ్యండి. లేకపోతే హంస కథ కోర్టులో మొదట్నించీ చెప్పిస్తాను. ముఠా మనిషికి మన డిపార్ట్‌మెంట్ ఎన్నాళ్లు జీతమిచ్చిందో, ఎవరి సంతకంతో ఇచ్చిందో కూడా.”

“నన్ను బెదిరిస్తున్నావా?”

“అవును సార్. వినపడలేదా? చెవుల్లో కమ్మలేమైనా పెట్టుకున్నారా?”

“నిన్ను సస్పెండ్ చేస్తున్నాను!”

“చెయ్యండి. సెలవుపెట్టి చాన్నాళ్లయింది.”

చీఫ్ అటు చూశాడు, ఇటు చూశాడు. పెద్దావిడ టీ తాగుతూ కళ్లజోడు పైనించి ఆయన్నే గమనిస్తోంది. చివరికి ఫైలు తీసి, అడ్డంగా చింపి, రెండు ముక్కలూ ట్రాలీ మీద పడేశాడు.

అక్కాచెల్లెళ్లు తెల్లకోట్లు విప్పి తలుపు దాకా వెళ్లారు. వెనకనించి చీఫ్ గొంతు వినపడింది. అందులో కోపం కన్నా అలసట ఎక్కువుంది.

“అసలు మీ ఇంట్లో అందరూ ఇంత మొండివాళ్లేనా?”

ప్రొఫెసర్ వెనక్కి తిరిగి, ఆ ప్రశ్నని నిజాయితీగా ఆలోచించింది.

“లేదండీ, మేమిద్దరం మెతక. మీరింకా మా అమ్మని చూళ్లేదు.”